వంటయింటి త్రైరాశికము

అయిదవ తరగతి చదువుచున్న బాలుని పిలిచి, రెండున్నర కిలోగ్రాములకు గ్రాములెన్ని యని యడిగినచో, అతడు తడుముకొనకుండ రెండువేల అయిదువందలని చెప్పును. కిలో, హెక్టో, డెకా యని పాఠశాలలో వల్లెవేసిన వరుస మనస్సులో నిలిచియున్నది కనుక, దశాంశబిందువు నెటు జరుపవలెనో అతనికి తెలియును. ఆ బాలునినే వంటయింటిలోనికి తీసికొనిపోయి, మైదా డబ్బాను ముందుంచి, కాటా లేకుండ ఉజ్జాయింపుగ నూటయేబది గ్రాములు తీయుమనినచో, గుప్పెడు తీయవలెనో గిన్నెడు తీయవలెనో తోచక తల్లి మొగము చూచును. అంకెలు అతనికి వచ్చినవి. ఆ అంకెలు సూచించు పరిమాణములు ఇంకను రాలేదు. ఈ కొరతను తీర్చుటకు నాకు తెలిసిన సాధనములలో, ఇంటియందు పిల్లలచేత కేకులు, బిస్కత్తులు మున్నగువానిని కొలిపించి, కలిపించి, చేయించుటకంటె సులభమైనదియు సమర్థమైనదియు మరియొకటి లేదు. అది యెట్లో సోదాహరణముగ వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మన ప్రాచీన గణితవేత్తలు కొలతలను గణితమునకు ముఖద్వారముగ భావించిరి. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతి, నాణెములు, తూనికలు, పొడవులు, ధాన్యపు కొలతలు అనువాని నిర్వచనములతోనే ప్రారంభమగును. కూడికలును తీసివేతలును ఆ పిమ్మట వచ్చును. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చి, మన భాషలో శాస్త్రరచనకు దారితీసెను. ఇట్టి గ్రంథములందు త్రైరాశికమునకు ప్రముఖస్థానము కలదు. మనకు ముందుగ తెలిసిన పరిమాణము ప్రమాణము. దానికి లభించునది ఫలము. మనకు కావలసిన పరిమాణము ఇచ్ఛ. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించినచో ఇచ్ఛాఫలము వచ్చును. ఇంతవరకు చదువుకొన్న వారందరికిని జ్ఞాపకముండును. కాని ఆ సూత్రమునకు పెద్దలు విధించిన నియమ మొకటి తరచుగ మరపున పడుచుండును: ప్రమాణమును ఇచ్ఛయు ఒకే జాతికి చెందినవై యుండవలెను. ఒకటి కప్పులలోను మరియొకటి గ్రాములలోను ఉన్నచో, గుణకార భాగహారములను ఎంత శుద్ధముగ చేసినను వచ్చునది అసత్యమే. కావున, లెక్కకు ముందుగ పరిమాణములను సజాతీయములుగ చేసికొనుటయే కొలతల మార్పిడి; "ఇది దేని కొలత? ఏ కొలతలో చెప్పినారు?" అను రెండు ప్రశ్నలను తప్పక అడుగుటయే దానికి సంబంధించిన వివేకము. వంటయిల్లు ఆ వివేకమును చేతులకు నేర్పును.

వంటలన్నిటిలోను ఓవెనులో కాల్చు వంటకమునే ఏల యెన్నుకొనవలెనని పాఠకులు అడుగవచ్చును. పులుసు కాచునపుడు ఉప్పు చాలనిచో మరికొంత వేయుదుము. పులుపు మిక్కిలియైనచో బెల్లపుముక్క వేసి సరిచేయుదుము. నడుమ నడుమ రుచిచూచి దిద్దుకొనుటకు తుదివరకును అవకాశ ముండును గనుక, చేయితిరిగిన గృహిణికి కొలపాత్రతో పనియుండదు. కేకు విషయ మట్లు కాదు. పిండి కలిపి ఓవెను తలుపు మూసిన పిమ్మట దిద్దుటకు ఏమియు మిగులదు. అంతకుముందు కొలిచినదే ఫలించును. మైదా ఎక్కువైనచో కేకు పొడిబారి గట్టిపడును. పంచదార మితిమీరినచో నడిమిభాగము నిలువలేక క్రుంగిపోవును. బేకింగ్ పౌడరు తడియు వేడియు తగిలినపుడు బొగ్గుపులుసు వాయువును విడుచును; ఆ బుడగలే పిండిని పొంగించును; అది చాలనిచో పొంగు రాదు, అధికమైనచో బుడగలు ఒకదానిలో నొకటి కలిసి పగిలి, పొంగిన దంతయు కూలబడును. వంటసోడా బలము బేకింగ్ పౌడరు బలమునకు మూడు నాలుగు రెట్లుండును గనుక, ఒకదానికి బదులు మరియొకటి అదే కొలతలో వేసినచో సబ్బువంటి చేదు నాలుకకు తగులును. ఈ విధముగ కొలతలోని ప్రతి దోషమును కంటికో, చేతికో, నాలుకకో బయటపడుచుండును. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేసిన లెక్కకంటె క్రుంగిన కేకు బాలునికి స్పష్టముగ బోధపడును; ఎవరును మందలింపకయే, ఎక్కడ తప్పినదో అతడే వెదకుకొనును.

గ్రాములను మిల్లీలీటర్లను చేపట్టుటకు ముందు, ఇంటిలో అటుకమీద ఎక్కడనైన పాత ఇత్తడి సోలయో గిద్దయో ఉన్నచో దానిని దింపి తోమించవలెనని నా సలహా. తెలుగునాట ధాన్యమును, పాలను, నూనెను కొలిచిన ఆ వరుస పిల్లలకు మిక్కిలి సుబోధమైనది. నాలుగు గిద్దలు ఒక సోల; రెండు సోలలు ఒక తవ్వ; రెండు తవ్వలు ఒక మానిక; నాలుగు మానికలు ఒక కుంచము; నాలుగు కుంచములు ఒక తూము; ఇరువది తూములు ఒక పుట్టి. ఇపుడు అమెరికా దేశపు వంటపుస్తకములలోని కొలతలను దీని ప్రక్కన నిలిపి చూడుడు. రెండు కప్పులు ఒక పైంటు. రెండు పైంట్లు ఒక క్వార్టు. నాలుగు క్వార్టులు ఒక గాలను. సోలకు కప్పును, తవ్వకు పైంటును, మానికకు క్వార్టును, కుంచమునకు గాలనును ఎదురెదురుగ ఉంచినచో, రెండు వరుసల నిష్పత్తులును 1, 2, 4, 16 అని సరిగ్గ సరిపోవును. పాత్రల పరిమాణములు వేరైనను పాత్రలకు నడుమనున్న సంబంధ మొక్కటియే! ఒకరినొకరు ఎరుగని రెండు జాతులకు ఇట్టి సామ్యము కలుగుటలో వింతలేదు. ఏలయనగా, సమానమైన రెండు గిన్నెలలో మట్టము సమమగువరకు పోసినచో ఎవరికైనను సగము తెలియును, ఆ సగమును మరల అట్లే పోసినచో పావు తెలియును. ఏ సాధనమును లేక పదవవంతు తీయుట మాత్రము కష్టసాధ్యము. సోల, తవ్వ, మానికలతో ఆడుకొన్న బాలునికి సగము, పావు, అరపావు అను భిన్నములు పలకమీది గీతలుగ గాక చేతిలోని బరువులుగ పరిచయమగును. తరువాత ముప్పావు కప్పు అని చదివినపుడు అతడు తడబడడు.

దశాంశపద్ధతి దీనికి భిన్నమైనది. దాని సౌలభ్యము లెక్కలో కలదు. సోల పరిమాణము ప్రాంతమునుబట్టి మారుచుండెను. తూనికలలో మూడు తులములు ఒక పలము, నలువది పలములు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు అను లెక్క కోస్తాలో వాడుకయందుండగా, ఇతర ప్రాంతములలో వేరు లెక్క లుండెను. ఈ వైవిధ్యమును తొలగించుటకై పార్లమెంటు 1956లో తూనికలు కొలతల ప్రమాణములకు చట్టము చేసెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన పదునారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయిగ మారెను. 1958 అక్టోబరులో కొన్నిచోట్ల కిలోగ్రాములు ప్రవేశించెను. 1962 ఏప్రిల్ నాటికి దేశమంతటను తూనికలలో అవి నిర్బంధమయ్యెను. ఒక తరము వారందరును వయస్సు మీరిన పిమ్మట మరల కొలతలు నేర్చుకొనిరి. తులము సుమారు 11.66 గ్రాములు గనుక పలము 35 గ్రాములు, వీసె 1,400 గ్రాములు. అమ్మమ్మ వ్రాసియుంచిన పాత పుస్తకములో సున్నుండలకు అయిదు పలముల నెయ్యి యని యున్నచో, అది నేటి కాటాపై ఎంత చూపవలెనో మనుమరాలిచేత లెక్క కట్టింపుడు. నూటడెబ్బదియైదు గ్రాములని ఆమె చెప్పిననాడు, గణితముతోబాటు కుటుంబపు చరిత్రయు ఒక మెట్టు ఆమెకు చేరువగును.

ఇక పాఠములోనికి వత్తము. కావలసిన సామగ్రి స్వల్పము: కొలచెంచాలు, కొలకప్పులు గల ఒక జత, గ్రాములను చూపు చిన్న ఎలక్ట్రానిక్ కాటా, మిల్లీలీటర్ల గీతలున్న గాజుపాత్ర, ఒక నోటుపుస్తకము. మొదటి పాఠము కేవలము నీటితో చేయవలెను. టీచెంచా 5 మిల్లీలీటర్లు. మూడు టీచెంచాలు ఒక పెద్దచెంచా, అనగా 15 మిల్లీలీటర్లు. పదునారు పెద్దచెంచాలు ఒక కప్పు, అనగా 240. ఈ మాటలను చెప్పుటతో సరిపెట్టక, పిల్లలచేతనే చెంచాతో పోయించి లెక్కింపజేయవలెను. పిమ్మట ఖాళీ గిన్నెను కాటాపై నుంచి అంకెను సున్న చేయించి, కప్పు నీటిని అందులో పోయించినచో కాటాపై సుమారు 240 గ్రాములు కనబడును. నీటికి మిల్లీలీటరును గ్రామును దాదాపు సమానములని తెలిసిన ఆ క్షణమున బాలుని చేతికి గొప్ప సాధనము చిక్కినట్లే. ఇంటిలోని సోల ఎన్ని మిల్లీలీటర్లు పట్టునో, మంచినీళ్ల చెంబు ఎంత పట్టునో, టీ గ్లాసు ఎంత పట్టునో, ఎవరిని అడుగకుండ తానే తూచి కనుగొనగలడు. పుస్తకములోని కప్పులన్నియు ఒకటి కావను సంగతియు ఇచ్చటనే చెప్పవలెను: అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, జపాను కప్పు 200. ఆస్ట్రేలియాలో పెద్దచెంచా సైతము 15 కాక 20 మిల్లీలీటర్లు. కావున వంటకము ఏ దేశమునుండి వచ్చినదో విచారించుట కొలతలో భాగమే.

రెండవ పాఠమునకు అదే కప్పును, అదే కాటాను ఉంచి, నీటికి బదులు మైదాను తూపింపుడు. కాటా 120 గ్రాములు చూపును. పంచదారను తూచినచో 200. వెన్నను సందులేకుండ నొక్కి నింపినచో 227. తేనె 340 చిల్లర. పాత్ర మారలేదు, కొలుచు చేయి మారలేదు, పదార్థము మారినంతమాత్రమున బరువు రెండు మూడు రెట్లు మారినది. సాంద్రత యను శాస్త్రపదము వినుటకు కొన్నియేండ్లు ముందుగనే దాని స్వభావము బాలునికి అనుభూతమగును. మన పెద్దవారికి ఈ జ్ఞానము సహజముగ నుండెడిది. "అమ్మమ్మా, సోలకు ఎన్ని గ్రాములు?" అని మనుమడు అడిగినచో, "దేనికిరా? బియ్యానికా, బెల్లానికా?" అని ఆమె తిరిగి అడుగును. ఆ ఎదురుప్రశ్నయే ఈ పాఠమునకు సారము. మైదా విషయమున మరియొక సూక్ష్మ మున్నది. చెంచాతో మెల్లగ కప్పులోనికి వేసి, అంచువెంబడి కత్తితో చదునుచేసినచో వచ్చు 120 గ్రాములు, కప్పునే డబ్బాలో ముంచి నొక్కి తీసినచో 150 వరకు పెరుగును. 1896లో బోస్టను వంటపాఠశాల పుస్తకమును ప్రకటించిన ఫానీ ఫార్మరు, చెంచాలను కప్పులను తప్పక అంచుకు సమముగ చదునుచేసి కొలువవలెనని పట్టుపట్టి, ఆ పద్ధతిని తన దేశమునందలి గృహములలో స్థిరపరచినది. ఘనపరిమాణముకంటె బరువు ఏల నమ్మదగినదో పిల్లలచేతనే మూడుమారులు కొలిపించి, మూడు ఫలితములను వ్రాయించి చూపవచ్చును.

ఇది పిల్లల యాట యనుకొనువారు 1983 జులై 23వ తేదీన కెనడాలో జరిగిన సంఘటనను స్మరింపవలెను. మాంట్రియలునుండి ఒటావా మీదుగ ఎడ్మంటనునకు బయలుదేరిన ఎయిర్ కెనడా సంస్థవారి బోయింగ్ 767 విమానమునకు 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలసియుండెను. ఇంధనమును సూచించు యంత్రము పనిచేయనందున, సిబ్బంది తొట్లలోనున్నదానిని కొలబద్దలతో కొలిచి, 7,682 లీటర్లుగ కనుగొనిరి. లీటర్లను కిలోగ్రాములుగ మార్చుటకు సుమారు 0.8చే గుణింపవలసియుండగా, పూర్వపు అలవాటు చొప్పున, లీటరు ఇంధనము ఎన్ని పౌనులు తూగునో తెలుపు 1.77చే గుణించిరి. ఆ దేశము అపుడపుడే పౌనులనుండి కిలోగ్రాములకు మారుచుండెను. తత్ఫలితముగ ఇరువదివేల లీటర్లకుపైగ పోయవలసినచోట 4,916 లీటర్లు మాత్రమే పోసిరి. నడిమి ఆకాశమున రెండు ఇంజనులును ఆగిపోయెను. విమానచోదకుడు రాబర్ట్ పియర్సను ఆ మహాయంత్రమును గాలిలో జారవిడుచుచు, గిమ్లీయను ఊర విడిచిపెట్టబడిన సైనిక విమానస్థలముపై దింపుటచేత, అందలి అరువదితొమ్మండుగురును ప్రాణములతో బయటపడిరి. అచ్చట గుణకారము తప్పలేదు. అంకెప్రక్కన ఏ కొలత యున్నదో చూచుకొనుట తప్పినది. కప్పు మైదాకు 240 గ్రాములని వ్రాసిన బాలుని తప్పును, ఆ నిపుణుల తప్పును ఒకే జాతికి చెందినవి. ఒకదాని ఫలము గట్టిపడిన కేకు మాత్రమే యగుట మన యదృష్టము, అందుచేతనే ఆ తప్పును వంటయింటిలో చేయనిచ్చి దిద్దుట మేలు.

ఇపుడొక వంటకమును తీసికొందము. సముద్రముల కావల స్థిరపడిన బంధువులు గల తెలుగు కుటుంబములు నేడు అనేకములు గనుక, డల్లాసులోనున్న పిన్ని పంపిన కేకు పద్ధతియే అనుకొందము. ఒకటిన్నర కప్పుల మైదా, ఒక కప్పు పంచదార, అరకప్పు వెన్న, రెండు కోడిగ్రుడ్లు, అరకప్పు పాలు, ఒకటిన్నర టీచెంచాల బేకింగ్ పౌడరు, ఒక టీచెంచా వెనిల్లా ఎసెన్సు. ఎనిమిది అంగుళముల గుండ్రని గిన్నె. 350 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి. అరగంట మొదలు ముప్పావుగంట వరకు కాలము. దీనిని మన కాటాకును మన ఓవెనుకును తగినట్లు మార్చు భారము పిల్లలదే. మైదా 120కి ఒకటిన్నర రెట్లు, 180 గ్రాములు. పంచదార 200 గ్రాములు. పాలు 120 మిల్లీలీటర్లు. అమెరికాలో వెన్న నాలుగు ఔన్సుల కడ్డీలుగ దొరకును; ఆ కడ్డీయే అరకప్పు; ఔన్సు 28.35 గ్రాములు గనుక అది 113 గ్రాములు. మన బజారులో వెన్న నూరు గ్రాముల పొట్లముగ దొరకును. పదమూడు గ్రాముల కొరకు మరియొక పొట్లము విప్పుటా, లేక ఉన్నదానికి తగినట్లు తక్కినవానిని తగ్గించుటా యని పిల్లలను అడుగవలెను. తగ్గింత మనినచో త్రైరాశికము తనంతట తానే వచ్చి నిలుచును: 113 గ్రాముల వెన్నకు 180 గ్రాముల మైదాయైనచో 100 గ్రాములకు ఎంత? ప్రమాణము 113, ఫలము 180, ఇచ్ఛ 100, ఇచ్ఛాఫలము 159. అట్లే పంచదార 177 గ్రాములు, పాలు 106 మిల్లీలీటర్లు.

కోడిగ్రుడ్ల దగ్గర లెక్క చిక్కుపడును, ఆ చిక్కే బోధకు అనుకూలము. 2ను 100చే గుణించి 113చే భాగించినచో 1.77 వచ్చును, ఒకటిన్ముప్పావు కోడిగ్రుడ్డును ఏ కోడియు పెట్టదు. పిల్లలు ఆలోచించిన పిమ్మట మార్గము వారికే తోచును: రెండు గ్రుడ్లను పగులగొట్టి గిలకొట్టి తూచినచో సుమారు నూరు గ్రాములుండును, అందులో 88 గ్రాములు వాడుకొనవచ్చును. ఒకటొకటిగ లెక్కించు వస్తువును తూచు వస్తువుగ మార్చుట వలన, పూర్ణసంఖ్యలకు లొంగని ప్రశ్న భిన్నములకు లొంగినది. ఇంత సూక్ష్మము అవసరమా యని ఒకరు, రెండును వేసినచో ఏమగునని మరియొకరు వాదించినచో, వారించక ఆ వాదమును సాగనీయవలెను. 159.29 గ్రాములని వ్రాసిన పిల్లవానికి, మన కాటా గ్రాములోని నూరవవంతును చూపలేదు గనుక ఆ తోక నిరర్థకమని తెలియజెప్పవలెను. ఎంతవరకు కచ్చితత్వము కావలెను, ఎచ్చట గుండు సంఖ్య చాలును అను విచక్షణ, లెక్కల పుస్తకము అరుదుగ నేర్పునట్టిది. బేకింగ్ పౌడరు విషయమున పావుచెంచా తేడాయు లెక్కకు వచ్చును. పాల విషయమున రెండు మిల్లీలీటర్లు లెక్కకు రావు.

వేడిమి మార్పిడి ఒక ప్రత్యేకమైన పాఠము, దానిని తొందరపడక చెప్పవలెను. గ్రాములకును ఔన్సులకును సున్న ఒక్కటియే. ఏమియు లేనపుడు రెండును సున్నయే చూపును. కావున ఒకటి రెట్టింపైనచో మరియొకటియు రెట్టింపగును. సెంటిగ్రేడుకును ఫారెన్‌హీటుకును అట్టి ఉమ్మడి సున్న లేదు. నీరు గడ్డకట్టు వేడిమి ఒకదానిలో 0, మరియొకదానిలో 32. మరుగు వేడిమి ఒకదానిలో 100, మరియొకదానిలో 212. నడుమనున్న అంతరము ఒకచోట 100 భాగములు, మరియొకచోట 180 భాగములు. ఆ నిష్పత్తియే అయిదుకు తొమ్మిది. కనుక ఫారెన్‌హీటునుండి ముందుగ 32 తీసివేసి, రెంటికిని సున్నను ఒకచోటికి చేర్చి, పిమ్మట అయిదుచే గుణించి తొమ్మిదిచే భాగింపవలెను. 350లో 32 పోగా 318. దానిని మార్చగా 176.7. మన ఓవెను మరను 175కో 180కో త్రిప్పిన చాలును. తిరిగి సరిచూచుకొనుటకు నోటిలెక్క కలదు: సెంటిగ్రేడు డిగ్రీలను రెట్టించి, అందు పదవవంతు తీసి, 32 కలుపుట. 180 రెట్టింపు 360; అందు 36 పోగా 324; 32 కలుపగా 356. నూరు డిగ్రీలకు 212 గదా, రెండువందల డిగ్రీలకు 424 కాదా యని ఎవరైన అడిగినచో, 392 యని చూపి, కారణమును వారిచేతనే చెప్పింపుడు.

గిన్నె వైశాల్యము ఇంకను పెద్దపిల్లలకు తగిన విషయము. ఇంటిలో ఎనిమిదంగుళముల గిన్నె లేదు, ఆరంగుళములది మాత్రమే యున్నదనుకొందము. అంగుళము 2.54 సెంటీమీటర్లు గనుక అవి 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు. ఎనిమిదికి ఆరు ముప్పావు భాగము గదా, పిండియు ముప్పావు చాలునని పిల్లలు తొందరపడుదురు. వృత్తవైశాల్యము వ్యాసముయొక్క వర్గమునుబట్టి పెరుగును. 64కు 36 అనగా పదునారింట తొమ్మిది, సగమునకు కొంచెము మించినది మాత్రమే. ముప్పావు పిండి పోసినచో ఓవెనులో పొంగి అంచులు దాటి క్రింద పడును. పొడవుల మార్పిడియు వైశాల్యముల మార్పిడియు వేరని తెలిసిన బాలుడు, మున్ముందు చదరపు అడుగులను చదరపు మీటర్లుగ మార్చునపుడు పొరబడడు.

ఓవెను లేని యింటివారు ఈ పాఠము తమకు కాదనుకొననక్కరలేదు. రబ్బరుపట్టీని, విజిలును తీసివేసిన కుక్కరులో అడుగున ఉప్పో ఇసుకయో పరచి, దానిపై గిన్నె నిలిపి, సన్ననిమంటపై కేకు చేయువా రనేకులు కలరు. అదియు వద్దనుకొనినచో మన పిండివంటలే చాలును. అరిసెలకు బియ్యపుపిండికిని బెల్లమునకును గల నిష్పత్తి, సున్నుండలకు మినపపిండికిని నేతికిని గల నిష్పత్తి, ఆవకాయలో ముక్కలకు కారము, ఆవపిండి, ఉప్పు ఎన్ని పాళ్లు అను లెక్క — ఇవన్నియు ప్రతి యింటను తల్లుల నోటనున్న త్రైరాశికములే. అమ్మ గిద్దలలో చెప్పినదానిని కాటాపై తూచి, గ్రాములలో వ్రాసియుంచు పని పిల్లల కప్పగించినచో, నోటిమాటగ నున్న ఇంటి వంట లిఖితమై నిలుచును.

ఈ శిక్షణను నడుపు విధమునుగూర్చి కొన్ని మాటలు. ఆరేడేండ్ల పిల్లలకు చెంచాలు లెక్కించుట, సగము పావు గుర్తించుట చాలును. ఎనిమిది మొదలు పదియేండ్ల వారికి గ్రాములు, కిలోగ్రాములు, మిల్లీలీటర్లు, లీటర్లు, దశాంశములు తగును. పదునొకండవ యేడు దాటినవారు నిష్పత్తులను, వేడిమిని, వైశాల్యమును గ్రహింపగలరు. తూచుటకు ముందుగ ప్రతిమారును ఉజ్జాయింపు చెప్పింపుడు. చెప్పినదానికిని తూగినదానికిని గల భేదమును నోటుపుస్తకమున వ్రాయింపుడు. కొలది వారములలో ఆ భేదము తగ్గుచుండుట చూచి వారే సంతసింతురు. ఏ అంకెను గాని దాని కొలతపేరు లేకుండ వ్రాయనీయకుడు. 180 అని ఒంటరిగ వ్రాసినచో అది గ్రాములో, మిల్లీలీటర్లో, డిగ్రీలో రేపటికి తెలియదు. సమాధానమును మీరు ముందుగ చెప్పకుడు. ఓవెను తలుపును, పొయ్యిని, మిక్సీని పెద్దవారే చూచుకొనవలెను. మగపిల్లలను వంటయింటి గడప దాటనీయని యిండ్లలో ఈ నెపముననైనను వారిని లోనికి పిలుచుట రెండు విధముల మేలు. కొలుచుటయు వండుటయు ఇరువురికిని సమానముగ కావలసిన విద్యలు.

ఇట్లు అలవడిన వివేకము వంటయింటితో ఆగదు. కోస్తాలోను రాయలసీమలోను ఎకరమునకు నూరు సెంట్లు. తెలంగాణలో నలువది గుంటలు. ఎకరము 4,840 చదరపు గజములు గనుక సెంటు 48.4, గుంట 121. అనగా గుంట రెండున్నర సెంట్లు. స్థలము కొనువాడు ఈ మార్పిడి తెలియనిచో ఇతరుల మాటపై ఆధారపడవలసి వచ్చును. తులము 11.66 గ్రాములైనను నేటి బంగారపు బజారులో పది గ్రాములనే తులమని వ్యవహరించుచున్నారు. ఏ తులమో అడుగుట కొనువాని విధి. అన్నిటికంటె ముఖ్యమైనది పసిపిల్లల మందు. ఇంటిలోని టీచెంచా లన్నియు 5 మిల్లీలీటర్లు పట్టవు. కొన్ని తక్కువ, కొన్ని ఎక్కువ. వంటచెంచాలను ఒకనాడు తూచి ఆ భేదమును కన్నులార చూచిన యింటివారు, వైద్యుడు అయిదు మిల్లీలీటర్లని వ్రాసినపుడు సీసాతో వచ్చిన కొలమూతనే వాడుదురు, చేతికందిన చెంచాను వాడరు. ఈ యొక్క జాగ్రత్త కొరకైనను ఈ పాఠము ప్రతి యింటను జరుగదగినది.

కావున తల్లిదండ్రులకును, తాతయమ్మమ్మలకును నా విన్నప మిది. రాబోవు సెలవుదినమున పిల్లలకు వేరే లెక్కల పుస్తకము కొనియీయ నక్కరలేదు. ఒక కప్పు నీటిని, అదే కప్పుతో ఒక కప్పు మైదాను వారిచేత తూపించి, రెండు అంకెలును ఏల భిన్నముగ నున్నవని అడుగుడు. సమాధానము వచ్చువరకు వేచియుండుడు. ఆ పిమ్మట వంటకమును వారికే అప్పగించి, మీరు ప్రక్కన నిలిచి చూడుడు. ప్రతి అంకెకును దాని కొలతను, ప్రతి కొలతకును దాని పదార్థమును జతపరచి చూచు బుద్ధి ఒకమారు ఏర్పడినచో, పరీక్షలలో వచ్చు మార్కులు దానిని వెన్నంటియే వచ్చును. పరీక్షలు ముగిసిన పిమ్మటను ఆ బుద్ధి వారికి జీవితాంతము అక్కరకు వచ్చును.